డేరాలు కావండీ, మట్టి గోడల ఇళ్లు

సంపాదకుడు గారికి,

రెండు వారాల కిందటి ఆదివారం సంచికలో అమెరికా ఆదివాసులైన చెరోకీల ఊరి మీద మీరు వేసిన యాత్రా వ్యాసం చదివాను. ఆ రోజే రాయబోతే మా ఆవిడ ముందు బీపీ మాత్ర వేసుకోమంది. అందుకే ఈ ఆలస్యం.

ముందు ఫొటో సంగతి. నెత్తి మీంచి నడుము దాకా ఈకల కిరీటం, వెనక తోలు డేరా. ఆ రెండూ చెరోకీలవి కావండీ. పడమటి మైదానాల్లో అడవిదున్నల వెంట తిరిగిన తెగలవి. సినిమాలు చూసొచ్చిన టూరిస్టులు అవే అడిగేవాళ్లని, రోడ్డు పక్కన కొందరు ఆ కిరీటాలు పెట్టుకుని డబ్బులకు ఫొటోలు దిగిన మాట నిజమే. కానీ సంక్రాంతి వ్యాసానికి భాంగ్రా ఫొటో పెట్టి చూడండి, మీ ఆఫీసుకి ఎన్ని ఫోన్లు వస్తాయో!

పోయిన వేసవిలో మా అబ్బాయి షార్లెట్ నుంచి మమ్మల్ని అక్కడికి తీసుకెళ్లాడు. నార్త్ కరొలైనా కొండల్లో ఓకోనాలుఫ్టీ అనే ఆ ప్రదర్శన గ్రామాన్ని 1952లో తెరిచారు. 1760ల నాటి చెరోకీ ఊరు ఎలా ఉండేదో అలా కట్టారు. అక్కడి ఇళ్లలో తడిక అల్లి మట్టి మెత్తిన గోడలున్నాయి. తెనాలి దగ్గర మా తాతగారి వంటింటి గోడ అచ్చం అంతే, మట్టి పెళ్ల ఊడిన చోట తడిక కనిపించేది. ఒకాయన పెద్ద దుంగ మీద నిప్పులు పోసి, కాలినంత మేరా గీకి, మళ్లీ నిప్పులు పోస్తున్నాడు. పడవ అట! మీ వ్యాసంలో దీనికి ఒక్క వాక్యం లేదు. హోటల్లో బర్గర్ రుచికి మాత్రం పేరా ఉంది.

'అంతరించిపోయిన తెగ' అని శీర్షిక కింద అచ్చేశారు. ఆ సాయంత్రం గేటు బయట, పడవ చేసినాయన జీన్సు వేసుకుని పికప్ ట్రక్కు ఎక్కుతూ మాకు చెయ్యి ఊపాడు. అంతరించినాయన! వాళ్లుంటున్నది 'ప్రభుత్వం ఇచ్చిన భూమి' అన్నదీ తప్పే. తరిమేయగా మిగిలినవాళ్లు తమ కోసం కొనిపించుకుని నిలబెట్టుకున్న నేల అది.

'ఒప్పందం ప్రకారం పడమటికి తరలివెళ్లారు' అన్న వాక్యం దగ్గరే నాకు ఒళ్లు మండింది. ఉన్న నేల వదిలిపోతామని అమెరికా ప్రభుత్వంతో 1835లో చేసుకున్న ఆ ఒప్పందం మీద చెరోకీల తరఫున సంతకాలు చేసింది గుప్పెడు మంది, అదీ తెగ సభ అనుమతి లేకుండా. పెద్ద నాయకుడు జాన్ రాస్ వద్దని మొత్తుకున్నాడు. అమెరికా సెనేట్‌లో ఒక్క ఓటు తేడాతో గట్టెక్కింది. 1838లో సైన్యం వచ్చి ఇళ్లలోంచి లాక్కెళ్లింది. సుమారు 16 వేల మందిని తరిమితే 4 వేల మంది దాకా పోయారని అంచనా. దీన్ని 'తరలివెళ్లడం' అంటే, మా వీధిలో బుల్డోజర్ తెచ్చి తీసేసిన బడ్డీకొట్లు కూడా తరలివెళ్లినట్టే.

రాత్రి ఆరుబయట చెరోకీల కథతో ఆడే 'అన్‌టు దీజ్ హిల్స్' నాటకం చూశాం. మీ విలేఖరి భాషలో అది 'గిరిజన నృత్యం'. 1950 జూలై 1 నుంచి ఆడుతున్న నాటకమండీ అది! మొదట్లో ముఖ్య పాత్రలు చాలావరకు తెల్లవాళ్లే వేసేవాళ్లు. 2006లో కథను తిరగరాశారు, వేదిక మీద చెరోకీలు పెరిగారు. ఎవరి కథ ఎవరు చెప్పాలనే గొడవ అంతా అందులో ఉంది. రాయడానికి ఇంతకన్నా ఏం కావాలి?

నేను తెలుగు పండితుడిగా రిటైరయినవాణ్ణి కాబట్టి ఇంకోటి చెప్పనివ్వండి. అంతకుముందు ఏ భాషా చదవడం రాయడం రాని సెక్వోయా అనే చెరోకీ 1821 నాటికి చెరోకీ భాషకి లిపి తయారుచేశాడు. 85 గుర్తులు, దాదాపు ప్రతి గుర్తూ మన గుణింతంలోలా ఒక అక్షరం. 1828లోనే ఆ లిపిలో, ఇంగ్లిషులో కలిపి పత్రిక తెచ్చారు. అక్కడ వీధి బోర్డుల మీద ఇవాళ్టికీ ఆ లిపి ఉంది. ఇక్కడ మా మున్సిపాలిటీ 'చెత్త వేయరాదు' అన్న బోర్డును 'చిత్త వేయరాదు' అని రాయించి మూడేళ్లయింది. రెండు అర్జీలు పెట్టాను. ఒకసారి వెళ్లిన గిరిజన మ్యూజియంలో అయితే దుమ్ము పట్టిన బొమ్మ మెడలో 'ధింసా' బదులు 'హింసా' అని చీటీ వేలాడుతోంది! అడిగితే వాచ్‌మన్ నవ్వాడు.

వాళ్లనంటే ఏం లాభం, పత్రికలూ అలాగే తయారయ్యాయి. ఒకప్పుడు మీ దగ్గర ప్రూఫులు దిద్దే ముసలాయన ఎవరో ఉండేవారు, అరసున్న పోయినా పట్టుకునేవారు. ఇప్పుడు నెట్‌లో దొరికిన ఫొటో దొరికినట్టే ఎక్కుతోంది.

సవరణ వేసే ఉద్దేశం ఉంటే, ఆ డేరా వేసిన చోటే అంత సైజులో వేయండి. పదకొండో పేజీలో గళ్లనుడికట్టు కింద మాత్రం వద్దు.

— ఒక విశ్రాంత తెలుగు పండితుడు, తెనాలి