గుజిరీలో తూకానికి పోయిన కీర్తనలు

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పేపర్లో రాయలసీమ సాహిత్యం మీద పూర్తి పేజీ వేశారు. అన్నమయ్య, మొల్ల, వేమన, బ్రహ్మంగారి తత్వాలు, అక్కడి నుంచి విద్వాన్ విశ్వం దాకా బాగానే పట్టుకొచ్చారు. ఆ పేజీని మా షాపు గోడకు అంటించాను కూడా. కాకపోతే మధ్యలో ఒక చోట, మిషనరీలు మతప్రచారం కోసం కొన్ని పుస్తకాలు అచ్చేశారని ఒక్క ముక్క రాసి దాటేశారు. నా ఉత్తరం ఆ ఒక్క ముక్క మీదే. పొడుగైతే కత్తిరించుకోండి, కానీ చివర్లో రాసిన పుస్తకం సంగతి మాత్రం కత్తిరించొద్దు.

నాకు కడపలో ఏడు రోడ్ల దగ్గర చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు ఉంది. పెళ్ళి పత్రికలు, దినాల కార్డులు, ఉరుసు పోస్టర్లు, జాతర కరపత్రాలు, డిసెంబరు వచ్చిందంటే క్రిస్మస్ పాటల పుస్తకాలు, అన్నీ కొట్టేది ఈ చేతులే. పండితుణ్ణి కాను, డిగ్రీ రెండో ఏడాదిలోనే ఆగిపోయింది. గుడికి పోయే కుటుంబమే మాది, నేను మాత్రం ఏడాదికి నాలుగైదు సార్లు, అదీ ఇంట్లో ఆడవాళ్ళ పోరు పడలేక. (బయటి వాళ్ళు చర్చి అంటారు గానీ మా వైపు మేం గుడి అనే అంటాం.) కాబట్టి మతం తరఫున వకాల్తా పుచ్చుకుని రాస్తున్నానని అనుకోవద్దు.

ప్రచారం కోసమే రాశారు, నిజమే. అయితే ఏం? శైవాన్ని జనంలోకి తీసుకుపోవడానికే కదా పాల్కురికి సోమన ద్విపదలో బసవ పురాణం రాసింది. దాన్ని ప్రచార పుస్తకమని ఎవరూ పక్కన పెట్టలేదు, పిల్లలకు పాఠంగా కూడా చెబుతున్నాం. భక్తుడు రాసిందంటే ఏదో ఒక దేవుడి తరఫునే ఉంటుంది. ఆ రాసింది తెలుగులో పండిందా, ఎండిందా అన్నదే మనం చూడాల్సింది. ఎండినవి బోలెడున్నాయి, నేనే టైపు చేశాను, ఆవలింతలు ఆపుకోలేక. ఎదుటి వాళ్ళ దేవుళ్ళను తిట్టడం తప్ప ఇంకేమీ లేని పాత కరపత్రాలు కూడా చూశాను, అవి పోతే పోనీ అనిపిస్తుంది. కానీ పండినవి ఉన్నాయి. వాటి సంగతి మీ పేజీలో లేదు.

మన సీమ నుంచే మొదలుపెడతాను. 1700ల మొదటి ఏళ్ళలోనే జెసూట్ అనే కథోలిక సంఘానికి చెందిన ఫ్రెంచి పాదుర్లు అనంతపురం వైపు కృష్ణాపురంలో మకాం పెట్టారు. సన్యాసుల మాదిరి కాషాయం కట్టి, మాంసం మాని, తెలుగు నేర్చుకున్నారు. వాళ్ళలో లెగాక్ అనే ఆయన తెలుగు తాటాకు పుస్తకాలు సంపాదించి పారిస్‌లో రాజుగారి లైబ్రరీకి పంపాడు. ఆ కాలపు కథోలిక కుటుంబాల చుట్టూ తెలుగు కవులే కావ్యాలు కట్టారు. పింగళి ఎల్లన కథోలికుల బైబిల్లోని తోబియా కథను తోభ్య చరిత్రగా రాశాడు. మంగళగిరి ఆనందకవి ఏసుక్రీస్తు కథ చెప్పి దానికి వేదాంత రసాయనం అని పేరు పెట్టాడు. ఆ పేరు చూడండి. తెల్లదొర పెట్టే పేరా అది? ప్రబంధాలు చదివి చదివి చెవులు పండిన మనిషి పెట్టిన పేరు. పద్యాలు, ఆశ్వాసాలు, అంతా మన ఫక్కీనే. మన ఊళ్ళలో తెలుగు ఎం.ఏ. చేసిన వాళ్ళను ఈ పుస్తకం గురించి అడిగి చూడండి, పదిమందిలో ఒకరు చెప్పినా గొప్పే.

అచ్చు సంగతి నా వృత్తికి దగ్గరిది, కొంచెం ఓపిక పట్టండి. మద్రాసులో ఉన్న బెంజమిన్ షుల్జ్ అనే జర్మన్ పాదిరి 1732 నాటికే బైబిలును తెలుగు చేశాడు, అది అచ్చు కాలేదు. ఆయనే దేశానికి తిరిగిపోయాక 1746లో జర్మనీలోని హాలె అనే ఊళ్ళో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. తెలుగు అక్షరం సీసంలో పోతపోసుకుని కాగితం మీద పడింది మొట్టమొదట అక్కడ, తెలుగు ముక్క రాని ఊళ్ళో. ఈ రోజుకీ డీటీపీలో మేం వాడే "అను" ఫాంట్‌లో ఒక్కో వత్తు పక్కకు జరిగితే నాకు తల ప్రాణం తోకకొస్తుంది, ఆ కంసాలి ఎవరో "క్ష్మి"ని ఎట్లా చెక్కాడో అని ఎన్నిసార్లు అనుకున్నానో. ఆ తర్వాత 1805లో విశాఖపట్నం వచ్చిన క్రాన్, డెస్ గ్రాంజెస్ అనే లండన్ మిషన్ వాళ్ళకు ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడు తోడు కూర్చున్నాడు. వాళ్ళు తెలుగు చేసిన సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి, 1818లో కొత్త నిబంధన, 1854లో మొత్తం బైబిలు. షుల్జ్ రాతప్రతి వేరు, 1854 నాటిది వేరు, అయినా మొదటి ప్రయత్నానికీ పూర్తి పుస్తకానికీ మధ్య 122 ఏళ్ళు. నా దగ్గర ప్రూఫ్ రెండు రోజులు లేటైతే కస్టమర్లు నెత్తినెక్కుతారు.

ఇక బ్రౌన్ దొర. ఆయన్ని మీరు మిషనరీల వాక్యంలోనే కలిపేశారు, అది తప్పు. ఆయన ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి, 1820లో కడపకు వచ్చాడు. కలకత్తాలో పాదిరిగా చేసిన డేవిడ్ బ్రౌన్ కొడుకు, అంతవరకే. అయితే ఇందులో ఒక తమాషా ఉంది. వేమన మీద బ్రౌన్ చూపు పడింది దుబాయ్ అనే ఫ్రెంచి పాదిరి రాసిన పుస్తకం చదివాక. అంటే ఒక పాదిరి రాతలు చదివి ఇంకో పాదిరి కొడుకు మన వేమనను వెతుక్కుంటూ పోయాడు. తాటాకులు పోగేసి, పండితులకు జీతాలిచ్చి 1829లో 693 పద్యాలు అచ్చు వేయించాడు. రాళ్ళను, విగ్రహాలను, మడినీ తెగ తిట్టిన వేమన పాదుర్లకు పనికొస్తాడని అనుకున్న వాళ్ళూ ఉన్నారు, అది దాచిపెట్టాల్సిన పని లేదు. ఎర్రముక్కపల్లెలో ఆయన బంగళా ఉన్న చోటే ఇప్పుడు బ్రౌన్ గ్రంథాలయం ఉంది, అదీ యోగి వేమన యూనివర్సిటీ కింద. దీనికంటే పెద్ద చమత్కారం ఏ కవీ కట్టలేడు.

పక్క రాష్ట్రాల వాళ్ళకు ఈ మొహమాటం లేదు. తేంబావణి అనే తమిళ కావ్యం రాసిన ఇటలీ పాదిరి బెస్కికి తమిళులు వీరమామునివర్ అని పేరు పెట్టి మద్రాసు మెరీనాలో విగ్రహం నిలబెట్టారు. కన్నడ నిఘంటువు చేసిన జర్మన్ పాదిరి కిట్టెల్ విగ్రహం బెంగళూరు ఎం.జి. రోడ్డులో ఉంది.

మనకూ విగ్రహాలున్నాయి, హైదరాబాదు ట్యాంక్ బండ్ మీద జాషువా ఉన్నాడు. కానీ జాషువా అంటే గబ్బిలం దగ్గరే ఆగిపోతాం. 1964లో ఆయనకు సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చింది క్రీస్తు చరిత్ర. ఈ సంగతి సాహిత్యం వాళ్ళు పెద్దగా మాట్లాడరు, మా గుడుల్లో అసలే మాట్లాడరు. ఇన్నేళ్ళలో ఏ క్రిస్మస్ కూటంలోనూ అందులోంచి ఒక్క పద్యం చదవగా నేను వినలేదు. అందుకే తప్పంతా మీ మీద వేయడం లేదు, సగం మాది.

మా తప్పు ఎంతదో షాపులో కూర్చుంటే తెలుస్తుంది. పాత రోజుల్లో టైపు చేయమని తెచ్చే నోటుబుక్కుల్లో ప్రతి పాట నెత్తిన రాగం, తాళం రాసి ఉండేవి. మోహన, ఆది తాళం. బిలహరి, రూపక తాళం. కింద పల్లవి, అనుపల్లవి, చరణాలు. ఇది పురుషోత్తమ చౌదరి లాంటి వాళ్ళు వేసిన బాట. 1803లో పుట్టి, 1833లో బాప్తిస్మం తీసుకుని, తెలుగులో కీర్తనలు కట్టి 1890లో పోయాడాయన. త్రాహిమాం క్రీస్తునాథ అనే కీర్తన ఆయనదే. మా అవ్వకు సంతకం రాదు, వేలిముద్రే. కానీ మబ్బుతో లేచి సంగటికి ఎసరు పెడుతూ ఆ కీర్తన మొదలుపెడితే ఎసరు మరిగేలోగా చరణాలన్నీ అయిపోయేవి, ఒక్క మాట తడబడేది కాదు. త్రాహిమాం అంటే ఏమిటే అవ్వా అని ఒకసారి అడిగాను. "కరువులో దిక్కులేనోడు పిలిచే పిలుపురా" అనింది. డిక్షనరీలో అంత బాగా లేదు. ఇప్పుడు వచ్చే నోటుబుక్కుల్లో పైన రాగం ఉండాల్సిన చోట ట్యూన్ అని రాసి ఏదో సినిమా పాట పేరు ఉంటుంది, లేదా ఇంగ్లీషు పాటను ముక్కకు ముక్క తెలుగు చేసి ఉంటుంది. డబ్బులు తీసుకుని కొడుతున్నాను, కాదనను. చెవికి మాత్రం ఎక్కదు.

ఇంకో మాట కూడా నేరుగా చెప్పాలి. ముత్యాలపాడు, కలసపాడు, జమ్మలమడుగు చుట్టుపక్కల మిషన్లు పనిచేసిన ఊళ్ళలో ఈ కీర్తనల పుస్తకం ఎవరి ఇళ్ళకు పోయింది? బడి మెట్టు ఎక్కనివ్వని మాలపల్లెకు, మాదిగ పల్లెకు. ఉపదేశి, అంటే పల్లెలో వాక్యం చెప్పే ఆయన, సాయంత్రం పూట లాంతరు పెట్టి అందులోంచే అక్షరాలు దిద్దించేవాడని మా పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. మా ఇంట్లోకి వచ్చిన మొదటి పుస్తకం అదే, మా వాడలో చాలా ఇళ్ళకూ అంతే. సాహిత్య చరిత్ర రాసేవాళ్ళకు అది మతం పుస్తకం. మాకు అది ఓనమాలు. ఆ ఉపదేశులు క్రిస్మస్‌కు బుర్రకథలు, చెక్కభజన పాటలు సొంతంగా కట్టేవాళ్ళు. అవి ఎక్కడా అచ్చు కాలేదు, పెట్టెల్లో ఉండిపోయాయి, పెట్టెలతో పాటే పోతున్నాయి.

ఎట్లా పోతున్నాయో ఒకటి చెబుతాను. పోయినేడు ఒక గుడిలో, ఏ ఊరో చెప్పను, సున్నాలు వేస్తూ బీరువా ఖాళీ చేసి పాత పుస్తకాలన్నీ గుజిరీ అంగడికి తూకానికి వేసేశారు. మా షాపుకు ప్యాకింగు అట్టల కోసం నేను ఆ అంగడికి పోతుంటాను. తక్కెట్లో పాత నోట్సుల మధ్య ఒక కీర్తనల పుస్తకం కనపడింది. ఇరవై రూపాయలిచ్చి తెచ్చుకున్నాను. ముందు పేజీలు లేవు, వీపుకు గోనె పట్టా ముక్క పెట్టి దబ్బనంతో కుట్టారు. అక్షరాల్లో బండి ఱలు, అరసున్నలు. అసలు విశేషం మార్జిన్లలో ఉంది. ఊదా సిరాతో, ఎవరో ఉపదేశి అయి ఉంటాడు, కొన్ని కీర్తనల పక్కన చిన్న చిన్న మాటలు రాసుకున్నాడు. ఒక చోట "సమాధి వద్ద, బిడ్డది". ఒక చోట "హార్మోనియం చెడినది". ఒక కీర్తన పక్కన మూడుసార్లు, మూడు వేరు వేరు కలాలతో "వాన లేదు" అని ఉంది. దాని కింద నాలుగోసారి ఏదో రాశాడు గానీ, అదే చోట చెమ్మ తగిలి సిరా అలుక్కుపోయింది.

మీరు చేయగలిగింది ఏమిటంటే, ఈ డిసెంబరులో క్రిస్మస్ కేకుల వార్త పక్కన ఒక పేజీ వీటికి ఇవ్వండి. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఎవరి ఇంట్లోనైనా పాత కీర్తనల పుస్తకాలు, బుర్రకథ నోటుబుక్కులు ఉంటే గుజిరీకి వేసేముందు ఒకసారి ఎర్రముక్కపల్లె లైబ్రరీలో చూపించమని రాయండి. అంత దూరం రాలేని వాళ్ళు నా దగ్గరికి తెస్తే స్కాన్ చేసి ఇస్తాను, ఉచితంగానే, పెళ్ళిళ్ళ సీజన్ కాకపోతే. ఆ ఊదా సిరా పుస్తకం మా షాపులో ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఉంచాను. గోనె పట్టా కుట్టు గుర్తుపట్టిన వాళ్ళు ఎవరైనా వస్తే ఇచ్చేస్తాను, ఆ నాలుగోసారి రాసింది ఏమిటో వాళ్ళ ఇంట్లో ఎవరికైనా తెలిస్తే నాకు చెప్పి పోవాలి.

ఇట్లు,
ఒక డీటీపీ ఆపరేటరు,
ఏడు రోడ్లు, కడప.