పేడపురుగు గురించి కేంద్ర పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

తొలకరి పడిన రాత్రి వరండాలో లైటు వేస్తే నల్లటి పురుగొకటి వచ్చి గోడకు ఠపీమని కొట్టుకుని వెల్లకిలా పడుతుంది. పొద్దున్నే చీపురుతో ఊడ్చేస్తాం. ఈ ఉత్తరం దాని గురించే.

1758లో స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త లిన్నేయస్ ‘మొలోసస్’ అని పేరు పెట్టిన ఈ పురుగును ఇప్పుడు శాస్త్రవేత్తలు కథార్సియస్ మొలోసస్ అంటారు. మనకు పేడపురుగే. పొడవు సుమారు మూడు సెంటీమీటర్లు, రంగు బొగ్గు నలుపు, అడుగున ఎర్రటి నూగు. తల ముందుభాగం పార అంచులా పలచగా ఉంటుంది. ముందుకాళ్లకు రంపపు పళ్లు. మగదాని నెత్తిన కొమ్ము, దాని వెనక వీపు మీద రెండు మొనలు. ఆడదానికి కొమ్ము స్థానంలో చిన్న గట్టు మాత్రమే. అరచేతిలో పెట్టుకుంటే బుల్లి ఖడ్గమృగంలా ఉంటుంది (గుప్పిట మూస్తే వేళ్ల సందుల్లోంచి తోసుకుని బయటికొచ్చేస్తుంది, అంత బలం).

పేడపురుగు అనగానే వెనక కాళ్లతో ఉండ దొర్లించేది గుర్తొస్తుంది. అది వేరే రకం. ఇది పేడ పడినచోటే, దాని కిందే నేల తవ్వుతుంది. అందుకే పశువులు మేసే బయళ్లు, చేలగట్లు, అడవి అంచులు, తడిసి మెత్తబడిన నేల దీనికి ఇష్టం. పేడను సొరంగంలోకి లాగి ఉండలు చేసి, ఒక్కో ఉండలో ఒక్కో గుడ్డు పెడుతుంది. పిల్ల పురుగు ఆ ఉండను లోపలి నుంచి తింటూ పెరుగుతుంది. దానికి వేరే తిండి లేదు.

చిక్కు అక్కడే ఉంది. పిడుదులకూ నులిపురుగులకూ పశువులకు వేసే ఐవర్‌మెక్టిన్ చాలావరకు పేడలోనే బయటికొస్తుంది. ఇంజెక్షన్ చేశాక వారాల తరబడి ఆ పేడలో మందు ఉంటుంది. తల్లి పురుగు చచ్చిపోకపోవచ్చు, కానీ ఉండలోని పిల్ల బతకడం కష్టం. మందు మంచిదే, కనిపెట్టినవాళ్లకు 2015లో నోబెల్ వచ్చింది. దాన్ని నిషేధించమని నేను అడగడం లేదు.

ఆస్ట్రేలియాలో పశువుల పేడను మట్టిలో కలిపే పురుగులు సరిపడా లేక, పేడకుప్పలు నెలల తరబడి అలాగే ఎండి, ఈగలు పెరిగి, చివరికి 1960ల నుంచి బయటి దేశాల పురుగులను తెచ్చి వదలాల్సి వచ్చింది. మన దగ్గర 2019 పశుగణన ప్రకారం ఆవులు, ఎద్దులే 19 కోట్లకు పైగా, గేదెలు దాదాపు 11 కోట్లు. వాటి పేడను నేలలో కలిపే కూలీ మనకు ఉచితంగా దొరికింది.

పేడ పరీక్షలో నులిపురుగులున్నాయని తేలాకే మందు వేయమని పశువైద్యులకు చెప్పండి. తొలకరి వారాల్లో ఐవర్‌మెక్టిన్ బదులు, పనికొచ్చేచోట ఫెన్‌బెండజోల్ లాంటి వేరే నులిపురుగుల మందులు వాడించండి, వాటితో పేడపురుగులకు ముప్పు బాగా తక్కువ. ఇక ఐవర్‌మెక్టిన్ సీసా మీద ఒక హెచ్చరిక వేయించండి, తెలుగులో కూడా. రాబందులను చంపుతోందని 2006లో పశువులకు వేసే నొప్పి మందు డైక్లోఫెనాక్‌నే ఆపేసిన దేశం మనది, దాని ముందు ఇది చిన్న పని.

ఇట్లు,
రెండు గేదెలున్న ఒక రైతు