కుళాయి దగ్గర కాసేపు

అందరికీ నమస్కారం. నిన్న నీళ్ల ముచ్చట వచ్చినప్పుడు ఒకరు "భూమ్మీద మూడొంతులు నీళ్లేగా, కొరతేంటి?" అన్నారు. నిజమే, కానీ ఆ నీళ్లలో దాదాపు 97.5 శాతం ఉప్పునీరే. మిగిలిన 2.5 శాతం మంచినీటిలోనూ మూడింట రెండొంతులకు పైగా మంచుగడ్డల్లోనే ఉంది. తక్కినదాంట్లో ఎక్కువ భాగం భూగర్భజలం. నదులు, చెరువుల్లో మన కంటికి కనిపించేది చాలా కొంచెం. బోరు ఎంత లోతుకు దించినా కొత్త నీరు పుట్టదు. ఎప్పుడో ఇంకిన వాననీటినే తోడుకుంటున్నాం.

మనుషులు వాడే మంచినీటిలో సుమారు 70 శాతం సేద్యానికే పోతుంది. అందుకే అన్నం పారేయడమంటే నీళ్లు పారబోయడమే. ఈ మాట మా ఇంట్లో అంటే నన్నే ఎగాదిగా చూశారు, అది వేరే సంగతి!

ఇంట్లో చూడాల్సింది ముందు లీకులే. సెకనుకో చుక్క కారే కుళాయి ఏడాదికి 11 వేల లీటర్లకు పైగా మింగేస్తుంది. చప్పుడు చేయకుండా కారేది మాత్రం టాయిలెట్ ఫ్లష్ ట్యాంకు. రాత్రి అందులో కాస్త ఫుడ్ కలర్ వేసి, ఫ్లష్ చేయకుండా పావుగంట ఆగి చూడండి. కింద బేసిన్లోకి రంగు దిగితే వాల్వు పోయినట్టే. మాది దిగింది. వాషరు మార్చడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు.

ఆర్‌ఓ నుంచి వదిలే నీళ్లు ఇల్లు తుడవడానికి బాగుంటాయి. మొక్కలకు మాత్రం రోజూ పోయకండి, వాటిలో లవణాలు ఎక్కువ.

ఈ ఆదివారంలోపు రంగు పరీక్ష చేసి, ఫలితం ఇక్కడే చెప్పండి.