కొత్త రోవర్ తీసుకున్నాం: దేనికి వాడతాం, ఎక్కడ వాడం

నమస్కారం. గుంటూరు, బాపట్ల, పల్నాడు జిల్లాల్లో మా చేత పొలాలు, స్థలాలు, వెంచర్లు కొలిపించుకునేవాళ్లు కొంతకాలంగా ఒకటే అడుగుతున్నారు, పాత డీజీపీఎస్ (ఉపగ్రహాలతో కొలిచే మిషన్) మారుస్తామన్నారు కదా ఏమైంది, రేట్లు పెంచుతారా అని. మార్చాం. మూడు కంపెనీల సెట్లు డెమోకి తెప్పించి, అమ్మేవాళ్లు చూపించే ఖాళీ గ్రౌండులో కాకుండా మనం రోజూ తిరిగే చోట్లే తిప్పి, చివరికి ఒకటి తీసుకున్నాం. అందులో పోల్ మీద పెట్టుకుని తిప్పే రిసీవర్‌నే రోవర్ అంటారు. రేట్ల సంగతి చివర్లో చెప్తాను. ముందు దేన్ని చూసి కొన్నామో చెప్పాలి, ఎందుకంటే రేపు మీ తోటలోకి వచ్చి "ఇక్కడ దీంతో తియ్యం, టోటల్ స్టేషన్ (ఉపగ్రహాలతో పని లేకుండా, కంటికి కనిపించే పాయింటుకి కోణం, దూరం కొలిచే పరికరం) పెడతాం" అంటే, అంత డబ్బు పోసి కొన్నది దేనికి మరి అని మీరే అడుగుతారు.

కంపెనీల పేర్లు రాయడం లేదు. డెమోకి వచ్చిన ఒక్క పీసు చూసి ఒక కంపెనీ మంచిది, ఇంకోటి చెడ్డది అనడం సబబు కాదు.

అమ్మేవాళ్లు చెప్పే మాటలు అన్ని చోట్లా ఒకటే. 1408 చానళ్లు, అయిదు సెకన్లలో ఫిక్స్, నావిక్ కూడా ఉంది సార్, పోల్ వంచినా పర్లేదు సార్. చానళ్ల లెక్క వినడానికి బాగుంటుంది గానీ, అమెరికా జీపీఎస్, రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో, చైనా బైడూ అన్నీ కలిపినా ఒక సమయంలో మన తల మీద కనిపించే ఉపగ్రహాలు నలభై, యాభై. ఒక్కోదాని నుంచి మూడు నాలుగు సిగ్నళ్లు పట్టుకున్నా అన్ని చానళ్లతో పని లేదు. నావిక్ మన దేశపు ఉపగ్రహ వ్యవస్థ కాబట్టి నాకూ ఇష్టమే, కానీ దిద్దుబాట్లు పంపే బేస్ (ఒకచోట కదలకుండా నిలబెట్టే రెండో రిసీవర్) వైపు కూడా నావిక్ ఉంటేనే రోవర్ దాన్ని ఆర్‌టీకే (అప్పటికప్పుడు సెంటీమీటర్లకి తేల్చే పద్ధతి) లెక్కలో కలుపుకుంటుంది. బేస్ పంపకపోతే ఆ గుర్తు స్క్రీన్ మీద అలంకారానికే.

అసలు చూడాల్సింది ఫిక్స్ ఎంత త్వరగా వస్తుందన్నది కాదు, వచ్చిన ఫిక్స్ నిజమా కాదా అన్నది. ఇది కొంచెం వివరంగా చెప్తాను. రిసీవర్ తనకీ ఉపగ్రహానికీ మధ్య ఉన్న దూరాన్ని రేడియో తరంగాలతో కొలుస్తుంది. జీపీఎస్ ఎల్1 తరంగం పొడవు సుమారు 19 సెంటీమీటర్లు. ఒక తరంగంలో ఎన్నో వంతు దగ్గర ఉన్నామో మిల్లీమీటర్లలో తెలుస్తుంది గానీ, మధ్యలో పూర్తి తరంగాలు ఎన్ని పట్టాయో నేరుగా తెలియదు, దాన్ని లెక్క కట్టి తేల్చుకోవాలి. తేల్చుకుంటే ఫిక్స్, తేలకపోతే ఫ్లోట్. ఆకాశం బాగా కనబడే వరిపొలంలో ఈ లెక్క చిటికెలో తేలుతుంది, అక్కడ మూడు సెట్లూ బాగానే చేశాయి, వాటి మధ్య తేడా చెప్పడానికి ఏమీ లేదు. చెట్ల కింద, గోడల పక్కన సిగ్నల్ కొమ్మల్లో నలిగి, గోడకి తగిలి వస్తుంది. అప్పుడు కొన్ని రిసీవర్లు తొందరపడి తప్పు సంఖ్యతోనే ఫిక్స్ చూపిస్తాయి. స్క్రీన్ మీద పచ్చగా ఫిక్స్ అని ఉంటుంది, పక్కనే ఒక సెంటీమీటరు తేడా అని రాసి ఉంటుంది, పాయింటు మాత్రం జానెడు పక్కన ఉంటుంది.

అందుకే ఒక మామిడితోటలో ముందే టోటల్ స్టేషన్‌తో పాయింట్లు తీసి మేకులు కొట్టుకుని, వాటి మీద ఈ మూడింటినీ పెట్టి చూశాం. వాటిలో అందరికంటే వేగంగా ఫిక్స్ ఇచ్చిందే ఎక్కువ చోట్ల తప్పు చెప్పింది. మేము కొన్నది దట్టమైన చెట్ల కింద ఫ్లోట్ దగ్గరే మొండికేసింది, ఎంతసేపు నిలబడినా రానంది. పోల్ పట్టుకున్న మా కుర్రాడికి విసుగు. నాకు మాత్రం అదే నచ్చింది. రాదని చెప్పే మిషన్‌తో బతకొచ్చు, టోటల్ స్టేషన్ తీసుకొచ్చి పని ముగించొచ్చు. వచ్చిందని చెప్పి తప్పు చూపించే మిషన్‌తో మీ హద్దు రాయి పాతితే, పక్క పొలం ఆయనతో మీకు గొడవ, మధ్యలో మా పేరు. ఇప్పటినుంచి ప్రతి హద్దు పాయింటూ రెండుసార్లు తీస్తాం, మొదటిసారి తీసి, ఫిక్స్ వదిలించి మళ్లీ తెచ్చుకుని, కాసేపు ఆగి రెండోసారి. ఈలోగా ఉపగ్రహాలు జరిగి ఉంటాయి కాబట్టి తప్పు ఫిక్స్ అయితే రెండూ కలవవు. మీకు చూడ్డానికి చేసిన పనే చేస్తున్నట్టు ఉంటుంది, కాస్త ఓపిక పట్టండి.

ఇంకో విషయం, మధ్యాహ్నాలు. పొద్దున ఏడింటికే ఎందుకు వస్తారు, భోంచేశాక రావచ్చు కదా అని చాలామంది అంటారు. ఎండకి భయపడి కాదండీ (కొంత అదీ ఉంది). మనం భూమి అయస్కాంత మధ్యరేఖకి దగ్గరగా ఉన్నాం. ఆ రేఖ కేరళ కొసన తుంబా మీదుగా పోతుందనే 1963లో అక్కడ రాకెట్ కేంద్రం పెట్టారు. దానికి రెండు వైపులా ఉన్న ప్రాంతాల్లో పైనున్న అయనోస్ఫియర్ అనే గాలి పొర మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో బాగా చిక్కబడి, ఉపగ్రహ సిగ్నల్‌ని ఆలస్యం చేస్తుంది. సూర్యాస్తమయం తర్వాత అందులో కల్లోలం పుట్టి సిగ్నల్ మిణుకుమిణుకుమంటుంది, మార్చి-ఏప్రిల్, సెప్టెంబరు-అక్టోబరు నెలల్లో ఇంకా ఎక్కువ. సూర్యుడు చురుగ్గా ఉన్న ఏళ్లలో ఈ గోల మరీ పెరుగుతుంది. 2024 మే నెలలో వచ్చిన సౌర తుఫానుకి అమెరికాలో మొక్కజొన్న విత్తుతున్న రైతుల ట్రాక్టర్ల జీపీఎస్సులే పనిచెయ్యక ఆగిపోయాయి. యూరప్‌లో తీసిన బ్రోచర్ అంకెలు, 8 మిల్లీమీటర్లు, కిలోమీటరుకి ఇంకో మిల్లీమీటరు అని రాసేవి, రేపల్లె పక్కన మిట్టమధ్యాహ్నం ఆశించకూడదు. బేస్ దూరంగా ఉంటే ఈ బాధ ఎక్కువ, పొలం గట్టు మీదే బేస్ పెట్టుకుంటే తక్కువ, ఎందుకంటే రెండింటి పైనా ఉన్నది దాదాపు అదే ఆకాశం.

బేస్ అంటే గుర్తొచ్చింది. "సిమ్ వేసుకుంటే చాలట కదా, ఒక్క రోవరే చాలట కదా" అని వెంచర్ వాళ్లు అడుగుతున్నారు. నిజమే, సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల కోర్స్ స్టేషన్ల (ఎప్పుడూ నడుస్తుండే శాశ్వత బేస్‌ల) నుంచి ఇంటర్నెట్ ద్వారా దిద్దుబాట్లు వస్తాయి, 2021 ఫిబ్రవరి 15న కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల తర్వాత మనలాంటి దేశీ సంస్థలకి ఈ పనిలో ముందస్తు అనుమతుల తలనొప్పి కూడా పోయింది. సిగ్నల్ ఉన్న చోట మేమూ అదే వాడతాం. కానీ మాచర్ల అవతల, నల్లమల అంచున ఉన్న పొలాల్లో ఫోన్ మాట్లాడాలంటేనే గుట్ట ఎక్కాలి, అక్కడ సిమ్ ఏం చేస్తుంది? అందుకే బేస్, రేడియో ఉన్న పూర్తి సెట్టే తీసుకున్నాం. ధర ఎక్కువైంది. కొంత బ్యాంకు లోను.

పోల్ వంచి తీసే సదుపాయం గురించి: పనికొస్తుంది, ముఖ్యంగా గోడ మూలల్లో, కాలవ అంచుల్లో, కరెంటు స్తంభాల దగ్గర. కానీ వంపు పెరిగే కొద్దీ తేడా పెరుగుతుంది, కదలకుండా ఒకచోట ఎక్కువసేపు నిలబడితే లోపలి సెన్సర్ తన లెక్క తాను మరిచిపోతుంది, మళ్లీ నాలుగడుగులు నడవాలి. కాంటూరు (నేల ఎత్తుపల్లాలు గీసే) పనికి, రోడ్ల టోపో మ్యాపులకి వాడతాం. హద్దు రాళ్లకి పోల్ నిట్టనిలువుగానే, బుడగ మధ్యలో పెట్టే.

ఎత్తుల విషయంలో ఇళ్లు కట్టుకునేవాళ్లు, చేపల చెరువులు తవ్వేవాళ్లు ఇది గమనించాలి. రిసీవర్ నేరుగా ఇచ్చే ఎత్తు సముద్రమట్టం నుంచి కాదు, లెక్కల కోసం ఊహించుకున్న ఒక నున్నటి భూగోళం నుంచి. మన కోస్తాలో నిజమైన సముద్రమట్టమే ఆ ఊహా ఉపరితలానికి డెబ్భై మీటర్లకి పైగా కింద ఉంటుంది, అందుకే తెనాలి పొలంలో నిలబడితే స్క్రీన్ మీద మైనస్ అంకె కనిపిస్తుంది. కంగారు పడొద్దు. కాలవ నీళ్లు ఎటు పారతాయో తేల్చే పనికి మాత్రం మేము ఇప్పటికీ ఆటో లెవెల్ (ఎత్తుల తేడా నేరుగా చూసే పరికరం) తోనే వస్తాం, అందులో మార్పు లేదు.

ఇప్పుడు ఎక్కువ ఫోన్లు వచ్చే గొడవ. "మీ మ్యాపులో కొలత వేరు, టేపు పెడితే వేరు." పాత మిషన్‌లో ఉన్న తేడాయే కొత్తదాంట్లోనూ ఉంటుంది, ఎందుకంటే అది మిషన్ తప్పు కాదు. గుండ్రటి భూమిని కాగితం మీద పరచడానికి మన ప్రాంతానికి యూటీఎం అనే మ్యాపు పద్ధతిలో 44వ జోన్ వాడతారు. ఆ జోన్ మధ్యరేఖ 81 డిగ్రీల రేఖాంశం, దాని మీద దూరాలు కావాలనే 0.9996 రెట్లకి తగ్గించి గీస్తారు. గుంటూరు ఆ రేఖకి దగ్గర్లోనే ఉంది కాబట్టి ఇక్కడ నేల మీద కిలోమీటరు దూరం ఆ మ్యాపు గ్రిడ్‌లో సుమారు 36 సెంటీమీటర్లు తక్కువ కనిపిస్తుంది. వంద మీటర్ల గట్టుకి మూడున్నర సెంటీమీటర్లు, అది ఎవరూ పట్టించుకోరు. పదెకరాల బిట్టు విస్తీర్ణంలో మాత్రం దాదాపు ముప్పావు సెంటు, అంటే సుమారు 35 గజాలు. అది గజాల లెక్కన అమ్మే బైపాస్ పక్క భూమి అయితే చిన్న డబ్బు కాదు. అందుకని ఇకనుంచి మా స్కెచ్ మీద నేల కొలత, నేల విస్తీర్ణం వేస్తాం, గ్రిడ్ కోఆర్డినేట్లు పక్కన పట్టికలో ఇస్తాం. కొనేవాళ్లు, అమ్మేవాళ్లు ఇద్దరూ ఒకే అంకె చూసుకుంటారు.

ఇంకొందరు మేమిచ్చిన కేఎంఎల్ ఫైలు గూగుల్ ఎర్త్‌లో పెట్టి, గీత గట్టు మీద పడలేదు, పక్కాయన పొలంలోకి పోయింది అని రాత్రిపూట టెన్షన్ పడుతూ మెసేజ్ పెడుతున్నారు. ఆ ఫొటోలే కొన్ని చోట్ల కొన్ని మీటర్లు జరిగి ఉంటాయి. పాత ఏళ్ల ఫొటోలకి మార్చి చూడండి, మీ గట్టు ఒక్కో ఏడాది ఒక్కో చోట ఉంటుంది. ఫోన్ యాప్‌తో చుట్టూ నడిచి ఎకరాలు లెక్కేసుకోవడమూ అంతే, మామూలు ఫోన్ మూడు నుంచి అయిదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. కోత మిషన్‌కి డబ్బులు లెక్కేసుకోవడానికి సరిపోతుంది, రిజిస్ట్రేషన్‌కి పనికిరాదు.

ఇంత చెప్పాక కూడా ఒక మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే కొత్త మిషన్ రాగానే కొందరు "ఇక శాటిలైటే హద్దు చూపిస్తుంది" అనుకుంటున్నారు. శాటిలైటుకి మీ సర్వే నంబరు తెలియదు. హద్దు ఎక్కడుందో చెప్పేది ఎఫ్‌ఎంబీ (సర్వే నంబరు వారీగా కొలతలు ఉన్న ప్రభుత్వ పటం), పాత రాళ్లు, డొంక మలుపులు, రీసర్వే అయిన ఊళ్లలో ఎల్‌పీఎం (రీసర్వేలో ఇచ్చే కొత్త భూమి పటం). పాత ఎఫ్‌ఎంబీల్లో కొలతలు లింకుల్లో ఉంటాయి, వంద లింకులు ఒక గొలుసు, గొలుసు 66 అడుగులు, అంటే ఒక లింకు 20 సెంటీమీటర్లు. కాగితమే 20 సెంటీమీటర్ల మెట్ల మీద ఉంటే, మా చేతిలో రెండు సెంటీమీటర్ల మిషన్ ఉన్నంత మాత్రాన హద్దు రెండు సెంటీమీటర్లకి తేలిపోదు. మేము చేసేది దొరికిన పాత రాళ్లన్నీ పట్టుకుని, ఎఫ్‌ఎంబీ కొలతలతో పోల్చి, ఏ రాయి కదిలిందో, ఏది కదల్లేదో చెప్పడం. ఈ పని ఉపగ్రహాల కంటే మా పెద్ద సర్వేయర్ గారికే బాగా వచ్చు. పక్కవాళ్లతో తగాదా ఉంటే మా స్కెచ్ చెల్లదు, ఎఫ్ లైన్‌కి దరఖాస్తు పెట్టి ప్రభుత్వ సర్వేయర్ చేత కొలిపించుకోవాల్సిందే. ఆ రోజు కావాలంటే మేము పక్కన నిలబడతాం.

రేట్లు. మెట్ట, మాగాణి పొలాలకి ఎకరం రేటు పాతదే. వెంచర్ లేఅవుట్లకి, కాంటూరు పనులకి పెంచాం, లోను కిస్తీ అక్కడినుంచే రావాలి, దాపరికం ఏమీ లేదు. మామిడి, కొబ్బరి తోటలకి, ఊళ్లో ఇళ్ల మధ్య స్థలాలకి టోటల్ స్టేషన్ చార్జి విడిగా పడుతుంది, రెండో మనిషి, ఎక్కువ సమయం కావాలి కాబట్టి. బేరమాడండి, కానీ "డీజీపీఎస్‌తోనే కానిచ్చెయ్యండి" అని మాత్రం అడక్కండి.

వచ్చే ముందు ఎఫ్‌ఎంబీ నకలు, వన్‌బీ (రెవెన్యూ ఖాతా నకలు), దస్తావేజు, ఎల్‌పీఎం ఉంటే అదీ వాట్సాప్‌లో పంపండి. గట్ల మీద ముళ్లకంప కొట్టించి ఉంచితే సగం రోజు కలిసొస్తుంది. పక్క పొలాల వాళ్లకి ముందురోజే చెప్పండి, మేము రాయి దగ్గర పోల్ పెట్టగానే కర్రలు పట్టుకుని వచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. బుకింగులు ఉదయం ఏడు నుంచి పదకొండు వరకే తీసుకుంటున్నాం, వరికోతలు అయ్యేదాకా ఆదివారాలు కూడా పని ఉంటుంది.