2025-26 వార్షిక నివేదిక: మన కాలనీ సంఘం, మన ఈ-స్పోర్ట్స్ జట్టు

సంఘం పెద్దలకు, ఆడపడుచులకు, యువకులకు నమస్కారం.

నిబంధనల ప్రకారం సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి ఏడాది పనుల నివేదిక చదవాలి. ఈసారి ఇందులో ఎక్కువ భాగం మన పిల్లల ఈ-స్పోర్ట్స్ (పోటీగా ఆడే వీడియో గేముల) జట్టు గురించే ఉంటుంది. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర చాయ్ తాగుదామని ఆగినా "మీ టీం ఏమైంది సార్?" అనే అడుగుతున్నారు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క తెలుసు. మొత్తం సంగతి సంఘం రికార్డులో ఉండాలని రాస్తున్నాను.

ముందు మిగతా పనులు. ఎండాకాలం రెండు నెలలు చలివేంద్రం నడిపాం. వినాయక నిమజ్జనం, బతుకమ్మ ఎప్పటిలాగే బాగా జరిగాయి. బతుకమ్మకు లైట్లు వేయించిన ఎలక్ట్రికల్ షాపు అన్నకు, రక్తదాన శిబిరానికి అరటిపళ్లు ఇచ్చిన పండ్ల వ్యాపారికి కృతజ్ఞతలు.

ఇక జట్టు సంగతి. 2024 జూన్ 28 నుంచి 30 వరకు హైదరాబాద్ హైటెక్స్‌లో బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా అనే ఫోన్ ఆట) దేశస్థాయి ఫైనల్స్ జరిగాయి. మొత్తం బహుమతి 2 కోట్లు, టీమ్ ఎక్స్‌స్పార్క్ గెలిచింది. మన కాలనీ పిల్లలు ఐదుగురు ఆర్టీసీ బస్సులో పోయి చూసి వచ్చారు. తెల్లారే సంఘం ఆఫీసుకొచ్చి పైన ఖాళీగా ఉన్న గది ఇమ్మని అడిగారు. మూడు షరతులు పెట్టి ఇచ్చాం: పద్దెనిమిదేళ్లు నిండాలి, డిగ్రీ పరీక్షలు తప్పొద్దు, రాత్రి పది దాటితే తాళం వేయాలి. తాళం చెవి నా దగ్గరే ఉండేది, ఒక్కరోజు కూడా వాళ్లు మాట తప్పలేదు.

ఈ ఆట గురించి ఇంకా చాలామందికి "పిల్లలు ఫోన్ గిల్లుకోవడం" అనే అభిప్రాయం ఉంది. ఒక మ్యాచ్‌లో పదహారు జట్లు, జట్టుకు నలుగురు, అంటే అరవై నాలుగు మంది ఒకేసారి ఆడతారు. ఎటు కదలాలి, ఎవరితో తలపడాలి, ఎప్పుడు ఆగాలి అని నలుగురిలో ఒకడు చెప్తుంటే మిగతావాళ్లు నమ్మి నడవాలి. మన కెప్టెన్ ఆడేముందు చేతివేళ్లకు పౌడర్ రాసుకుని, ఫోన్ వెనక చిన్న ఫ్యాను తగిలించి, ఒకసారి కళ్లు మూసుకునేవాడు. గొంతు మాత్రం ఎప్పుడూ పెంచేవాడు కాదు. నేను పక్కన కూర్చుని చూశాను కాబట్టి చెప్తున్నాను, అది క్రమశిక్షణ.

2025 మే నెలలో హైదరాబాద్ కంపెనీ ఒకటి ఐదుగురినీ కాంట్రాక్టు మీద తీసుకుంది. మనిషికి నెలకు 12 వేలు, కూకట్‌పల్లిలో ఉండటానికి ఫ్లాటు, కొత్త ఫోన్లు. నల్లగొండ పిల్లలకు ఆట ఆడినందుకు జీతం! ఆ రోజు కాలనీలో మిఠాయిలు పంచాం. జెర్సీ ఛాతీ మీద మాత్రం డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల సంస్థ పేరుంది. కార్యవర్గంలో ఇద్దరు పెద్దలు అప్పుడే అభ్యంతరం చెప్పారు. "2017 నుంచి మన రాష్ట్రంల పైసలు పెట్టి ఆడే ఆటలే బంద్ ఉంటే, ఆ పేరు మన పిల్లల ఎద మీద ఎందుకు?" అన్నారు. నేనే సర్దిచెప్పాను. వాళ్ల మాట అప్పుడే వినాల్సింది. ఆ తప్పు నాది.

జులైలో రెండో ఆదివారం ఫంక్షన్ హాల్లో మనం పెట్టిన పోటీ ఈ ఏడాది మొత్తానికీ మన గర్వం. సూర్యాపేట, మిర్యాలగూడ, దేవరకొండ, మహబూబ్‌నగర్ నుంచి జట్లు వచ్చాయి. మనవాళ్లు కూడా ఆ రోజు కోసం కూకట్‌పల్లి నుంచి వచ్చారు. మూడో మ్యాచ్ మధ్యలో కరెంటు పోయింది. రైసుమిల్లు యజమాని పది నిమిషాల్లో జనరేటర్ పంపారు, డీజిల్ డబ్బులు కూడా తీసుకోలేదు. ఆఖరి మ్యాచ్‌లో మనవాళ్లు ముగ్గురు అవుటై కెప్టెన్ ఒక్కడే మిగిలాడు. ఎదుట ఇద్దరు. ప్రకాశం బజార్లో కూరగాయలమ్మే వాళ్లమ్మ ముందు వరసలో కూర్చుని, పెద్ద తెర వైపు చూస్తూ "మా పోరడు ఏడున్నడు బిడ్డా?" అని పక్కమ్మాయిని అడుగుతోంది. ఆ అమ్మాయి రాయి చాటున ఉన్న చిన్న బొమ్మను చూపించింది. ఒకణ్ని కొట్టాడు, రెండోవాడు బయటికొచ్చేదాకా కదలకుండా ఆగాడు, కొట్టాడు. మొదటి స్థానానికి 10 పాయింట్లు, ఆ మ్యాచ్‌లో జట్టు మొత్తం పడగొట్టిన పదకొండు మందికి మరో 11. కప్పు మనదే. హాలంతా లేచి నిలబడితే ఆ తల్లి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

ఫంక్షన్ హాల్ అద్దె సగం తగ్గించిన యజమానికి, ఇంటర్నెట్ లైను ఉచితంగా లాగిన కేబుల్ ఆపరేటర్‌కు, రెండు వందల మందికి పులిహోర చేసిన మహిళా సభ్యులకు పేరుపేరునా ధన్యవాదాలు. కానీ వలంటీర్లుగా పేరిచ్చింది ఇరవై రెండు మంది, వచ్చింది ఏడుగురు. కుర్చీలు వేసింది వాళ్లే, రాత్రి పదకొండుకు ఊడ్చింది వాళ్లే. గ్రూపులో బొటనవేలు గుర్తు పెట్టి ఆ రోజు ఫోన్ స్విచాఫ్ చేసుకోవడం ఏం పద్ధతి?

సాయం కోసం సంబంధిత కార్యాలయానికి రెండుసార్లు దరఖాస్తు ఇచ్చాం. "ఫోన్ ఆటలు మా లిస్టులో లేవు" అన్నారు. 2022 డిసెంబర్ 23న కేంద్రం ఈ-స్పోర్ట్స్‌ను క్రీడల మంత్రిత్వ శాఖ పరిధిలోకి తెచ్చిందని, 2023లో జరిగిన హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో వీటికి పతకాలిచ్చారని కాగితాలు జతచేసి మళ్లీ ఇచ్చాం. ఇప్పటికీ జవాబు లేదు. రసీదు ఫైల్లో ఉంది.

ఆగస్టులో కథ తిరగబడింది. ఆన్‌లైన్ గేమింగ్ బిల్లు 20న లోక్‌సభలో, 21న రాజ్యసభలో పాసై, 22న రాష్ట్రపతి ఆమోదం పొందింది. డబ్బులు పెట్టి ఆడే ఆటలన్నీ నిషేధం. వాటికి ప్రకటనలు ఇస్తే రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల దాకా జరిమానా. ఇదే చట్టం ఈ-స్పోర్ట్స్‌ను విడిగా గుర్తించింది, ఆ సంగతి సభ్యులు గమనించాలి. మన పిల్లల ఆట మీద ఏ నిషేధమూ లేదు. కానీ కంపెనీకి డబ్బులొచ్చేది ఆ స్పాన్సర్ నుంచే. భారత క్రికెట్ జట్టు జెర్సీ మీది డ్రీమ్11 పేరే పోయింది, మన జట్టు ఎంత? జీతాలు ఆగాయి. బతుకమ్మకు పది రోజుల ముందు ఫ్లాటు ఖాళీ చేయించారు. ఐదుగురూ బ్యాగులతో బస్టాండులో దిగితే నేనూ కోశాధికారీ వెళ్లి తీసుకొచ్చాం. దారిలో ఎవరూ మాట్లాడలేదు.

పిల్లలే ఏదో తప్పు చేసి ఉంటారని కొందరు అంటున్నారు. 2018లో ఆప్టిక్ ఇండియా అనే జట్టులో ఒక ఆటగాడు షాంఘై పోటీలో మోసపు ప్రోగ్రామ్ వాడుతూ దొరికాడు, జట్టే రద్దయింది. మనవాళ్ల మీద అలాంటి మచ్చ ఒక్కటీ లేదు. దయచేసి ఆ మాట అనకండి, ఇంట్లో తల్లిదండ్రులు వింటున్నారు.

కాంట్రాక్టులో పదిహేను రోజుల నోటీసుతో తీసేయవచ్చని ఉందట. ఆరు పేజీల ఇంగ్లీషు, సంతకాల రోజు మేమెవరమూ పూర్తిగా చదవలేదు. రెండు నెలల జీతం రావాలి. మన లాయర్ సభ్యుడు ఫీజు తీసుకోకుండా నోటీసు పంపారు, వారికి కృతజ్ఞతలు. ఒక అబ్బాయికి వేరే జట్టులో చోటు దొరికింది. ఇద్దరు డిగ్రీ పూర్తి చేస్తున్నారు. ఒకడు మొబైల్ షాపులో చేరాడు. కెప్టెన్ మూడు నెలలు గడప దాటలేదు. జనవరిలో వచ్చి "సార్, గది తాళం చెవి ఉందా?" అని అడిగాడు.

జమాఖర్చులు కోశాధికారి నోటీసు బోర్డుకు అంటించారు. ఆడిట్ అయింది, నిల్వ 3,460 రూపాయలు. సందేహాలుంటే ఆయన్ని అడగండి.

పైగది మళ్లీ తెరిచాం. సాయంత్రం ఆరు నుంచి పది దాకా కెప్టెన్ కొత్త పిల్లలకు నేర్పుతున్నాడు, ఆరుగురు వస్తున్నారు. ఇకమీదట ఏ కాంట్రాక్టైనా లాయర్ చదివాకే సంతకం అని కార్యవర్గం తీర్మానించింది. ఇంటర్నెట్ బిల్లు నెలకు 700. దాన్ని ఏడాదికి ఎవరు భరిస్తారో ఈ సమావేశంలోనే పేరు చెప్పాలని కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి, నల్లగొండ