ప్రమాదాల రేటు పంపేముందు గంటలు సరిచూడండి

అందరికీ నమస్కారం. రెండు యూనిట్ల ప్రమాదాల సంఖ్యలను నేరుగా పోల్చొద్దు. ఫ్రీక్వెన్సీ రేటుకు భారతీయ ప్రమాణం ఐఎస్ 3786 ప్రకారం, పనికి రాలేని స్థితి తెచ్చిన ప్రమాదాలను 10,00,000తో గుణించి మొత్తం పనిగంటలతో భాగించాలి. 6,00,000 గంటల్లో 3 ప్రమాదాలైతే రేటు 5. 2,50,000 గంటల్లో 2 అయితే 8. రెండోచోటే పరిస్థితి అధ్వానం.

తప్పులు ఎక్కువగా గంటల దగ్గరే. హాజరు మస్టర్‌లోని పేర్లను 8తో గుణించేసి సెలవులు తీసేయరు, ఓటీ (ఓవర్‌టైమ్) కలపరు. కాంట్రాక్టు కూలీల దెబ్బలు లెక్కలో వేసి వాళ్ల గంటలు వదిలేస్తే రేటు ఊరికే పెరుగుతుంది. రెండూ వదిలేయడం మాత్రం అన్యాయం, ఎత్తు మీద పని చాలాచోట్ల వాళ్లదే కదా!

ప్రమాదాల వల్ల పోయిన పనిదినాలను చూపే సివియారిటీ రేటులో మరణానికి 6,000 పనిదినాలు వేయాలి, సున్నా కాదు. అమెరికా కార్మిక భద్రతా సంస్థ ఓషా లెక్క 2,00,000 గంటలకు. అక్కడి లాస్ట్ టైమ్ (పనికి రాలేని స్థితి తెచ్చిన ప్రమాదాల) రేటును 5తో గుణించాకే మనదాని పక్కన పెట్టండి.