అద్దె ఇంట్లో మునిగిన సామాను సంగతి

భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ అధ్యక్షుల వారికి,
హైదరాబాద్.

అయ్యా,

పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. ఒడిశాలోని గజపతి జిల్లా కేంద్రం మా ఊరు. ఆటో ఎక్కితే కాసేపట్లో పాతపట్నం, అంటే శ్రీకాకుళం జిల్లా. ఇక్కడ దుకాణాల బోర్డులు ఒడియాలో ఉంటాయి, బేరాలు సగం తెలుగులో తెగుతాయి. నేనొక బట్టల కొట్లో లెక్కలు రాస్తాను. మా ఆవిడ ఇంటి ముందు గదిలో రెండు మిషన్లు పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. పెళ్ళయిన నాటి నుంచీ అద్దె ఇళ్ళే. నాలుగు మారాం.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గాలికి మేం భయపడ్డాం గానీ మమ్మల్ని ముంచింది నీళ్ళు. మహేంద్రతనయ నది పొంగింది. మా వీధి పల్లం. మంచం మీద పెట్టిన పరుపు దాకా వచ్చాయి నీళ్ళు. ఫ్రిజ్ తేలి గుమ్మానికి అడ్డం పడింది. ప్లైవుడ్ బీరువా ఉబ్బి తలుపులు ఊడిపోయింది. పిల్ల పుస్తకాలు, కుట్టడానికి ఇచ్చిన వాళ్ళ చీరలూ, మిషన్ల మోటార్లూ అన్నీ బురదే.

వారం పోయాక బీమా కంపెనీ నుంచి ఒకాయన వచ్చాడు. ఇంటాయన బ్యాంకు లోను తీసుకుని కట్టిన ఇల్లు కాబట్టి దానికి బీమా ఉందట. గోడ నెర్రెలు కొలిచాడు, ఫోటోలు తీశాడు. మా ఆవిడ ఆశగా తడిసిన సామానంతా గుమ్మంలో పేర్చి చూపించింది. ఆయన దాన్ని దాటుకుంటూ, "ఇది అద్దెకున్నోళ్ళది కదమ్మా" అని వెళ్ళిపోయాడు. ఆయన తప్పు లేదు. ఇంటాయన పాలసీ ఇంటాయన గోడలకీ, ఇంటాయన సామానుకీ. కానీ ఆ సంగతి మాకు ఆ రోజు దాకా తెలీదు. ఇంటికి బీమా ఉందంటే ఇంట్లో ఉన్నవాళ్ళందరికీ ఉన్నట్టే అనుకున్నాం. మా వీధిలో అద్దెకున్న ఏ ఇంట్లో అడిగినా ఇప్పటికీ ఇదే మాట చెప్తారు.

మీ సంస్థ 2021 ఏప్రిల్ 1 నుంచి భారత్ గృహ రక్ష అనే పాలసీని అన్ని సాధారణ బీమా కంపెనీలూ ఒకే తీరున అమ్మాలని పెట్టింది. మంచి పని. అందులో భవనం లేకుండా ఒక్క ఇంటి సామానుకే బీమా తీసుకోవచ్చు. అంటే మాలాంటి వాళ్ళకి దారి ఉంది. ఆ దారి చూపించే మనిషి లేడు. కిందటేడు ఒక కంపెనీ ఆఫీసుకి వెళ్ళాను. కౌంటరు దగ్గర అబ్బాయి మొదట అడిగింది ఇంటి పన్ను రశీదు. "ఇల్లు మాది కాదు బాబూ" అన్నాను. "మరి దేనికి చేయిస్తారండీ?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే తెలీక అడిగాడు. మూడో చోట ఒక ఏజెంటు 'సామానుకి మాత్రమే' అన్న గడిలో టిక్కు పెట్టి ఇచ్చాడు. ఆ గడి ఫారంలో ఉంది, మొదటి రెండు చోట్లా ఎవరికీ కనిపించలేదు.

పాలసీ కాగితాలు ఇంగ్లీషులో వచ్చాయి. మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది. తనూ నేనూ రెండు ఆదివారాలు కూర్చుని చదివాం. అందులో తెలిసినవి కొన్ని రాస్తాను. మీకు తెలియవని కాదు. అద్దెవాడు సంతకం పెట్టే ముందు వీటిలో ఒక్కటి కూడా ఎవరూ నోటితో చెప్పరు, అందుకు.

తుఫాను, వరద, పిడుగు, అగ్నిప్రమాదం, భూకంపం వీటికి సామాను డబ్బు వస్తుంది. దొంగతనానికి రాదు. తుఫానో నిప్పో జరిగాక ఏడు రోజుల్లోపు ఆ సందట్లో పోయినదానికైతే ఇస్తారు. మామూలు రోజున తాళం పగలగొట్టి పట్టుకుపోతే దానికి వేరే పాలసీ కావాలి. ఇంటి బీమా అనగానే జనానికి ముందు గుర్తొచ్చేది దొంగే. మా ఊళ్ళో కరెంటు వోల్టేజీ సంగతి చెప్పక్కర్లేదు. ఫ్రిజ్ లోపల షార్టు సర్క్యూట్ అయి ఫ్రిజ్ మాత్రమే కాలితే దానికి పైసా రాదు. దాని నిప్పు పక్కనున్న బీరువాకి అంటుకుంటే బీరువాకి వస్తుంది. రొక్కం డబ్బుకి లేదు. నగలు విడిగా రాయించుకోవాలి. సామాను విలువ ఇవాళ కొత్తది కొనాలంటే ఎంతవుతుందో అంత రాయాలి. పాతబడిందని తగ్గించి రాస్తే రాసినంత వరకే వస్తుంది, మనమే నష్టపోతాం.

ఇందులో నాకు బాగా నచ్చింది ఒకటుంది. పాత పద్ధతిలో నాలుగు లక్షల సామానుకి రెండు లక్షలకే బీమా చేస్తే, లక్ష నష్టమైనా యాభై వేలే చేతికొచ్చేవి. తక్కువ రాయించావు కాబట్టి నష్టంలో కూడా సగమే అనేవారు. ఈ పాలసీలో ఆ కోత తీసేశారు. అటక మీది ఇత్తడి బిందె నుంచి టీవీ దాకా లెక్క కట్టడం ఏ ఇల్లాలికైనా కష్టం. అంచనా కొంచెం తప్పినా పాలసీ శిక్షించదన్నమాట. ఇంత మంచి సంగతిని ఒక్క కంపెనీ కూడా బోర్డు మీద రాయదేం?

పర్లాకిమిడి గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరండీ. జనం మాట్లాడే తెలుగే పుస్తకంలో ఉండాలని జీవితమంతా పోట్లాడిన మనిషి. 1936లో ఊరు ఒడిశాలో కలిసిపోతే మనసు విరిగి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. ఆయన నడిచిన వీధుల్లో ఈ రోజు ఒక పాలసీ కాగితం మాకు అర్థమయ్యే తెలుగులో దొరకదు. మీ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది, మీ గేటు దగ్గర టీ అమ్మేవాడు మాట్లాడేది మా భాషే. మా ఫిర్యాదులు మాత్రం భువనేశ్వర్‌లోని అంబుడ్స్‌మన్‌కి, అంటే బీమా ఫిర్యాదులు తేల్చే అధికారికి వెళ్తాయి. కంపెనీకి రాసి, ముప్పై రోజులు చూసి, తర్వాత అక్కడికి వెళ్ళాలి. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. మంచిదే. మరి బరంపురం, గుణుపురం, రాయగడ, జయపురంలో తెలుగు ఇళ్ళలో పెద్దవాళ్ళు ఆ అర్జీ ఏ భాషలో రాస్తారు?

నేనడిగేవి పెద్దవి కావు. సరిహద్దు జిల్లాల్లో అమ్మే ఈ పాలసీకి తెలుగులో ఒక్క పేజీ కాగితం జత చేయించండి. ఏది వస్తుంది, ఏది రాదు, ఎవరికి ఫోన్ చేయాలి, ఇంతే. ఫారంలో మొదటి ప్రశ్నే 'సొంత ఇల్లా, అద్దె ఇల్లా' అని పెట్టించండి. అద్దె అంటే సామాను పేజీ ముందు తెరుచుకోవాలి. మా ఊళ్ళో అద్దె ఒప్పందాలు చాలావరకు నోటి మాటే. బ్యాంకులో అద్దె వేసిన చీటీ, ఫోన్లో తీసిన సామాను ఫోటోలు చాలని కంపెనీలకి చెప్పండి. కాగితాలు లేవన్న సాకుతో క్లెయిమ్ తోసిపుచ్చకూడదని 2024 జూన్‌లో కంపెనీలకి మీరిచ్చిన ఆదేశాల పత్రం, మాస్టర్ సర్క్యులర్‌లోనే ఉంది. ఆ మాట కౌంటరు దాకా దిగిరాలేదు.

ఇంకో చిక్కు. ఈ పాలసీ పదేళ్ళ దాకా తీసుకోవచ్చు. అద్దె ఒప్పందం రాసుకుంటే పదకొండు నెలలకి. పాలసీలో రాసిన అడ్రసులో ఉన్న సామానుకే బీమా. ఇల్లు మారినప్పుడు పాలు పొంగించడం ఎవరూ మర్చిపోరు, అడ్రసు మార్పించడం ఎవరికీ గుర్తుండదు. ఒక్క ఫోను చేస్తే మారేలా చూడండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమాలకి జీఎస్టీ తీసేశారు, మా సామాను బీమాకి మాత్రం 18 శాతం అలాగే ఉంది. అది మీ చేతిలో లేదని తెలుసు. ఆర్థిక మంత్రి గారితో మాట వచ్చినప్పుడు చెప్పండి.

చివరగా మా ఆవిడ అడగమన్న ప్రశ్న. ఆ రెండు కుట్టు మిషన్లు ఇంటి సామానా, వ్యాపార సామానా? ఏజెంటు ఇంటిదే అన్నాడు. ఆఫీసులో వ్యాపారం అన్నారు, చిన్న వ్యాపారాలకి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అని వేరే పాలసీ ఉంది, అది తీసుకోమన్నారు. పగలు అదే గదిలో జాకెట్లు కుడుతుంది, రాత్రి అదే గదిలో మేం పడుకుంటాం. ఇలా కుట్టుకు బతికే ఆడవాళ్ళు మా వీధిలోనే ఆరుగురు. మీ దగ్గర నుంచి జవాబు రాతలో వస్తే ఆరుగురికీ చదివి వినిపిస్తాను.

ఇట్లు,
పర్లాకిమిడి నుంచి ఒక అద్దెదారు